గెడ్డలు, చెఱువులు, వఱదలు

నేను ముప్పదియైదేండ్లు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. జలశాస్త్రము నా వృత్తి గాదు. కాని గెడ్డ యొడ్డున పుట్టి, చెఱువు క్రింద పండిన అన్నము తిని, విశాఖపట్టణమున నుద్యోగము చేసి, గాలివానలు పెక్కు చూచినవాడను. చదివినదియు చూచినదియు కలిపి నాలుగు మాటలు చెప్పెదను.

వఱద యను మాట మన వాడుకలో మిక్కిలి విశాలమైనది. గోదావరి పొంగినను వఱదయే. ఊరి ప్రక్క గెడ్డ పొర్లినను వఱదయే. సముద్రము మీదికి వచ్చి పల్లెలను ముంచినను, పట్టణములో వీధి కాలువ నిండి ఇంటిలోనికి నీరు వచ్చినను మనము వఱద వచ్చినదనియే చెప్పుదుము. ఈ నాలుగింటికిని కారణములు వేఱు. అంతకంటె ముఖ్యమైన మాట యేమనగా, వీనికి ముందు మనకు దొరకు వ్యవధి వేఱు. ఒకదానికి మూడు దినములు దొరకును. ఒకదానికి మూడు గంటలు దొరకును. ఒకదానికి మూడు గడియలైన దొరకవు. గడియ యనగా ఇరువదినాలుగు నిమిషములని మీకు నేను చెప్పనక్కఱలేదు. ఏది వచ్చుచున్నదో తెలిసికొననివాడు మూడు గడియలు మాత్రమే యున్నప్పుడు మూడు దినములున్నవని తలచి కూర్చుండును.

పెద్ద నదుల సంగతి ముందుగా చెప్పెదను, అది సులభము. గోదావరి వఱద మన వానవలన వచ్చునది కాదు. ఎగువ మహారాష్ట్రమునను, ఛత్తీస్‌గఢమునను కురిసిన వాన ఉపనదులగుండ దిగి భద్రాచలము చేరును. అక్కడి వంతెనయొద్ద నీటిమట్టము 43 అడుగులైన మొదటి హెచ్చరిక, 48 అడుగులైన రెండవది, 53 అడుగులైన మూడవది యిత్తురు. 1986 ఆగస్టులో అది 75 అడుగులు దాటినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. ఆ నీరు ధవళేశ్వరము చేరుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. ధవళేశ్వరమునొద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. క్యూసెక్కనగా సెకనునకు ఒక ఘనపుటడుగు నీరు, ఇరువదియెనిమిది లీటర్లకు కొంచెము పైన. లంకలలోనివారు ఈ లెక్కలను పంచాంగమువలె కంఠస్థము చేసియున్నారు. రేడియోలో అంకె వినిన వెంటనే తమ యింటి యే మెట్టువఱకు నీరు వచ్చునో చెప్పగలరు. అది గొప్ప విద్య. మన ఉత్తరాంధ్రములో వంశధార, నాగావళుల యొడ్డువారికి అట్టి విద్య కొంత కలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు వంశధార యెట్లు పొంగినదో వారు మఱవలేదు.

గెడ్డల సంగతి అట్టిది గాదు. మనవైపు కొండలు సముద్రమునకు మిక్కిలి చేరువ. కొండపై కురిసిన వాన పది పదునైదు క్రోసులలోపలనే సముద్రములో పడవలెను. అందుచే గెడ్డ ప్రొద్దుట ఎండి యిసుకగా నుండి, మధ్యాహ్నమునకు తాడియెత్తు పాఱును. మఱునాటికి మఱల ఇసుకయే. ఏటికి గల వ్యవధి దీనికి లేదు. ఎగువవాడు దిగువవానికి కబురు పంపులోపల నీరు కబురును దాటిపోవును.

విశాఖపట్టణమునే చూడుడు. ఉత్తరమున సింహాచలము కొండల వరుస, దక్షిణమున యారాడ కొండల వరుస. ఈ రెంటి నడుమ పల్లము. పూర్వమది ఆటుపోటుల నీరు నిండు ఉప్పుటేఱు, బురద నేల. మేఘాద్రిగెడ్డ, నరవ గెడ్డ మొదలైనవి ఆ పల్లములోనికే దిగి సముద్రములో కలియుచుండెడివి. ఆ బురదను త్రవ్వి ఓడరేవు కట్టిరి. 1933లో అది తెఱవబడినది. తరువాత ఆ పల్లము చుట్టును కర్మాగారములు, చమురు శుద్ధిశాల, విమానాశ్రయము, ఇండ్లు లేచినవి. దేశమునకు ఓడరేవు కావలెను, కర్మాగారములు కావలెను; వలదనుట నా యభిప్రాయము గాదు. కాని నీరు పల్లమెఱుగునను సామెత యున్నది గదా! 2005 సెప్టెంబరులో వచ్చిన వఱదలో విమానాశ్రయము మునిగినది. 2021 సెప్టెంబరు 26వ తేదీన గులాబ్ తుపాను కళింగపట్టణము దగ్గఱ తీరము దాటగా, మఱునాడు విమానాశ్రయమున మఱల నీరు నిలిచినది. నీటికి పగ లేదు. దానికి తెలిసిన త్రోవ అదియొక్కటియే.

ఇందులో నొక వింత కలదు. ఇదే పట్టణమునకు వేసవిలో త్రాగునీటికి కటకట. ఉక్కు కర్మాగారమునకు నీరు ఏలేరునుండి నూటయాబది కిలోమీటర్లకు పైబడిన కాలువగుండ వచ్చుచున్నది. అంత దూరమునుండి నీరు తెచ్చుకొనువారము మన నెత్తిమీద పడిన నీటిని రెండు గంటలలో సముద్రమునకు త్రోసి, త్రోయలేనప్పుడు మునుగుచున్నాము. కఱవును వఱదయు వేఱువేఱు రోగములని తలచుటకు వీలులేదు. రెంటికిని మూలము నీటిని నిలుపు చోట్లు పోవుటయే.

2024 సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడయందు జరిగినది మీ రెఱుగుదురు. అక్కడ ప్రకాశము బ్యారేజియొద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా పాఱినది. అందఱి చూపును కృష్ణమీదనే. ఊరిని ముంచినది మాత్రము బుడమేఱు. మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేటికి పోవు చిన్న యేఱది. దాని నీటిని కృష్ణకు మరలించు కాలువగట్టు తెగి, సింగునగరము మొదలైన పేటలు దినములకొలది నీటిలో నుండినవి. ఏటి పాతత్రోవలో ఇండ్లు లేచియుండుటచే ఆ నీరు త్వరగా పోవుటకును దారి లేకపోయినది. పెద్దయేటికి భయపడువారు చిన్నయేటిని చులకన చేయుట అన్నిచోట్లను ఉన్నదే.

ఇప్పుడు వానల సంగతి. “మా తాతల కాలములో ఇట్టి వానలు లేవు” అని కొందఱును, “వానలెప్పుడును ఉన్నవే, ఇది క్రొత్త కాదు” అని కొందఱును రచ్చబండలయొద్ద వాదులాడుట వినుచున్నాను. ఇరువురి మాటలలోను సత్యమున్నది. 1864లో బందరును, 1839లో కోరంగిని ఉప్పెన ముంచినది. కాబట్టి ఉపద్రవములు క్రొత్త గావు. అయితే భూమి వేడెక్కుచున్న మాటయు నిజము. బొగ్గును, చమురును కాల్చుటచే పుట్టు వాయువులు ఆకాశమున కమ్మి, భూమి వేడిని బయటకు పోనీయక కంబళివలె నిలుపుచున్నవి. నూటయాబది సంవత్సరముల క్రిందటి కాలముతో పోల్చిన భూమి వేడి ఒక డిగ్రీకి పైగా పెరిగినది. ఒక డిగ్రీ యన నెంత యని నవ్వవలదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన నది పట్టుకొనగల నీటియావిరి నూటికి ఏడుపాళ్లు పెరుగును. ఎండకాలమున తడిబట్ట త్వరగా ఆరుట చూడుడు. ఆ తడి యంతయు గాలి త్రాగుచున్నది. ఎక్కువ త్రాగిన గాలి చల్లబడినప్పుడు ఎక్కువ క్రక్కును. అందుచే వాన దినములు పెరుగకపోయినను, పడిన దినమున కుండలతో కుమ్మరించినట్లు పడుట హెచ్చుచున్నది. బంగాళాఖాతపు నీరు వేడెక్కుటచే తుపానులకు ఆహారము హెచ్చినది. 1901 మొదలు 2018 వఱకు సముద్రమట్టము లోకమంతట సగటున ఇరువది సెంటీమీటర్లు, అనగా జానెడు, పెరిగినది. తీరమున జానెడు తక్కువ గాదు. పోటు వేళ గెడ్డ నోట సముద్రము జానెడు ఎత్తుగా నిలిచిన, లోపలి నీరు ఆ మేరకు వెనుకకు నిలుచును.

రేడియోలో “భారీ వర్షము, అతి భారీ వర్షము, అత్యంత భారీ వర్షము” అని వినుచున్నారు. ఇవి కవుల యతిశయోక్తులు గావు. వాతావరణ శాఖవారు కొలతతో పెట్టిన పేళ్లు. ఒక దినమున సుమారు 7 మొదలు 11 సెంటీమీటర్ల వఱకు పడిన భారీ. 12 మొదలు 20 వఱకు అతి భారీ. 21, అంతకు పైన అత్యంత భారీ. మన ప్రాంతపు వర్షపాతము సంవత్సరమునకు సుమారు నూఱు సెంటీమీటర్లు. అత్యంత భారీ యనగా ఏడాది వానలో అయిదవ వంతు ఒక్కనాడే పడుట. ఈ సంగతి తెలిసినవాడు ఆ మాట వినిన తరువాత మంచము మీదినుండి లేచును.

లెక్క యింకను దగ్గఱగా చూతము. గ్రామస్థుల కుపయోగించునది ఇదియే. ఒక యెకరముపై ఒక సెంటీమీటరు వాన పడిన నలువదివేల లీటర్ల నీరగును. మీ చెఱువునకు నీరు వచ్చు పరీవాహక భూమి 500 ఎకరములనుకొందము. 20 సెంటీమీటర్ల వాన పడిన 40 కోట్ల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకరు బండ్లతో కొలిచిన నలువదివేల బండ్లు! సగము నేల త్రాగినదనుకొన్నను 20 కోట్లు మిగులును. అది యాఱు గంటలలో దిగిన, సెకనునకు ఇంచుమించు 327 ఘనపుటడుగుల చొప్పున వచ్చును. చెఱువు ముందే నిండియున్న, అదంతయు అలుగు మీదుగానే పోవలెను. అలుగు దిగువ కాలువ ఇరువదియడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు కలిగి, నీరు సెకనునకు నాలుగడుగుల వేగముతో పాఱిన, 320 ఘనపుటడుగులు పోవును, సరిపోవును. ఆ కాలువనే ఇరువైపుల నరికి ఎనిమిదడుగులు చేసితిమా, పోవునది 128 మాత్రమే. మిగిలిన దెక్కడికి పోవును? వెనుకకు నిలిచి గట్టుమీద కెక్కును. మట్టిగట్టు ఎంత బలమైనదైనను తనమీదుగా నీరు పొర్లుటను సహింపజాలదు. పొర్లిన నీరు వెనుకవైపు మట్టిని కోసికొని పోవును. వెంట్రుక వాసి గండి గంటలోపల బండి దారి యగును. దిగువ ఊరున్నదా, దానికి దొరకునది ఆ మూడు గడియలైనను గాదు.

మా గ్రామములో జరిగినది చెప్పెదను. నేను విశ్రాంతి గొని ఊరు చేరిన మఱుసటి వేసవిలో అలుగు కాలువ పొడవున నడచి చూచితిని. గ్రామపటములో ఇరువదియడుగులుగా గీయబడిన కాలువ ఒకచోట నేను దాటగలిగినంత యిఱుకుగా నుండెను. ఒకరి పశువుల పాక, ఒకరి గడ్డివామి, ఒకరి కొబ్బరి మొక్కలు. అందఱును బంధువులే, అందఱును మర్యాదస్థులే. ఎవ్వరును నీటికి అడ్డము కట్టవలెనని కట్టలేదు. ఏడాదికి మూరెడు ముందుకు జరిగిరి, అంతే. సభ చేసిన “ముందు వానిని తీయుమనుడు” అని ప్రతివాడును ప్రక్కవానిని చూపెను. రెండు వేసవులు ఇట్లే గడచినవి. మూడవ యేట పైన చెప్పిన లెక్కను నేను సుద్దముక్కతో పాఠశాల గోడమీద వ్రాసి, గొలుసుతో కొలిపించి, ఎవరి స్థలమువలన ఎన్ని ఘనపుటడుగుల నీరు ఆగునో చూపితిని. పాక గలిగిన ముసలివాడొకడు చాలసేపు చూచి, “నా పాక దిగువ నా కూతురి యిల్లున్నది గదా పంతులుగారూ” అని, మఱునాడు తానే గుంజలు పెఱికించెను. తక్కినవారిలో ఇద్దఱు తీసిరి. ఒకరు ఇంకను తీయలేదు. ఆ యొక్కచోట ప్రతి వానకును మేము కాపలా యుండవలసివచ్చుచున్నది.

చెఱువులు చిన్నవి గదా, నగరములను ముంచు వఱదతో వీనికేమి సంబంధమని యడుగువారికి 1908 చాలును. ఆ యేడు సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదునందు మూసీనది పొంగి సుమారు పదునైదు వేలమందిని పొట్టపెట్టుకొన్నది. ఎగువ చెఱువులు రెండువందలకు పైగా తెగి, ఒకదాని నీరు మఱియొకదానిపై పడి, అన్నియు కలిసి నగరముమీద విఱుచుకొనిపడినవి. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపింపగా, వారు నగరమునకు ఎగువ రెండు జలాశయములు కట్టి వఱదను అక్కడ నిలిపి మెల్లగా విడువవలెనని చెప్పిరి. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. ఇక్కడ గ్రహింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. జలాశయము వఱదను ఆపవలెనన్న వానకు ముందు దానిలో ఖాళీ యుండవలెను. నిండుకుండలో నీరు పోసిన నిలుచునా? నిండిన జలాశయపు తలుపులు నడిరాత్రి ఒక్కసారిగా తెఱచుటకంటె, తుపాను వార్త వచ్చిన నాడే పగటివేళ కొంచెము కొంచెముగా విడుచుట మేలు. మేఘాద్రిగెడ్డ మొదలుకొని చిన్న చెఱువు తూము వఱకు ఇది యొక్కటే ధర్మము.

మన పూర్వులు వీనిని ఎఱుగనివారు గారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, వానకాలమున నదీతీరమందలి గ్రామములవారు ఒడ్డునుండి తొలగి యుండవలెననియు, కఱ్ఱలు, వెదుళ్లు, పడవలు సిద్ధము చేసికొనవలెననియు, కొట్టుకొనిపోవువారిని సొరకాయ బుఱ్ఱలతో, తోలుతిత్తులతో, మ్రాకులతో ఒడ్డుకు చేర్పవలెననియు ఉన్నది. చేయగలిగియు సాయము చేయనివానికి పండ్రెండు పణముల దండము. పడవ లేనివానికి మినహాయింపు. ధాన్యపు కొట్టారమున మూరెడు మూతి గల పాత్ర నుంచి వాన కొలువవలెనని కూడ ఆ గ్రంథమే చెప్పుచున్నది. కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కుమారుడు భాస్కరభవదూరుడు కట్టించిన చెఱువు కలదు. 1369 నాటి దాని శాసనమున మంచి చెఱువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును చెప్పబడినవి. గట్టునుండి నీరు ఊఱుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, నడుమ మెట్ట యుండుట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నీరెక్కువై భూమి తక్కువగుట దోషములు. సరిహద్దునుండుట దోషమేల యని నేను చిన్ననాడు ఆశ్చర్యపడితిని. రెండు పంచాయితీల నడుమనున్న చెఱువుగట్టును చూచిన పిదప ఆ సందేహము తీఱినది. దానిపై మొలచిన చెట్టును కొట్టుటకు ఇరువురిలో ఎవ్వరును రారు.

వేసవిలో పెద్దలు చేయింపవలసిన పనులు కొన్ని కలవు. గట్టుమీది పెద్ద చెట్ల వేళ్లు, ఎలుక బొఱియలు, పంది త్రవ్విన గోతులు నీటికి సొరంగములు. గట్టు వెనుకవైపు తడిగా నున్న చోటును గుఱుతుపెట్టి, నీటిపారుదల శాఖవారికి వ్రాతమూలకముగా తెలుపవలెను. అలుగు మీద బస్తాలు పేర్చి చెఱువులో రెండంగుళముల నీరు ఎక్కువ నిలుపు నలవాటు పలుచోట్ల నున్నది. ఆ రెండంగుళములకై గట్టునంతటిని పణముగా నొడ్డుట యది. తుపాను వార్త వినినయెడల ఆ బస్తాలు ముందు తీయింపుడు. పూడిక తీసిన మట్టిని అలుగు కాలువ యొడ్డున పోయవలదు; మొదటి వానకే అది కాలువలో దిగును. కొండమీది తుప్పలు కొట్టి, మెట్టలు చదును చేసి గ్రావెలు త్రవ్విన చోట నేల వానను త్రాగదు. సగము త్రాగునని నేను చెప్పిన లెక్క అక్కడ పనికిరాదు. పాఠశాల పిల్లలచేత నిలువు గోడలు గల డబ్బా ఒకటి బయలున పెట్టించి, ప్రతిదిన మెనిమిదిన్నరకు కొలబద్దతో కొలిచి పుస్తకమున వ్రాయింపుడు. పదేండ్లు వ్రాసిన పుస్తకము మీ యూరికి ఏ గ్రంథమును చెప్పలేని సంగతి చెప్పును.

తీర గ్రామములవారికి ఉప్పెన వేఱుగా చెప్పవలెను. గాలివాన చంపువారికంటె ఉప్పెన చంపువారెక్కువ. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు నేను బడి చదువు ముగించు వయస్సున నుంటిని. పదివేలమందికి పైగా మరణించిరి. నీటి గోడ యొకటి మైళ్లకొలది లోపలికి దూఱినది. గాలి సముద్రపు నీటిని తీరముమీదికి త్రోయుటచే ఉప్పెన పుట్టును. తీరము లోతు తక్కువయై పల్లముగా నున్న దివిసీమ, కోనసీమల వంటిచోట అది యెత్తుగా లేచి దూరము పోవును. విశాఖతీరము లోతైనది, కొండలు కలది. ఇక్కడ దాని యుద్ధతి తక్కువ. అయినను గెడ్డల నోళ్లయొద్ద, జాలరిపేటల యిసుక మీద నున్నవారికి ఈ మాట ధైర్య మీయరాదు. కోరంగి మడ అడవులవంటివి అలల బలమును విఱుచును. మడలు కొట్టి చెఱువులు త్రవ్విన చోట ఆ కాపు పోవును.

రేవులలో ఎగురవేయు తుపాను గుఱుతులు పదునొకండు. ఒకటి, రెండు దూరమున తుపాను పుట్టినదని తెలుపును. మూడు, నాలుగు రేవునకే గాలివాన రాగల దని. అయిదు, ఆఱు, ఏడు ప్రమాదము. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదము. తుపాను రేవునకు ఎడమగా దాటునా, కుడిగా దాటునా, మీదుగానే పోవునా యనుటను బట్టి ఈ మూడేసి అంకెల భేదము. అందుచే అయిదుకంటె ఏడు గొప్పదని తలచరాదు. పదునొకటవ దానికి అర్థము, వాతావరణ కేంద్రముతో సంబంధము తెగినదని. విశాఖపట్టణమున తుపాను హెచ్చరికల కేంద్రము 1974 నుండి యున్నది. హెచ్చరికలు రెండు మూడు దినములు ముందుగానే వచ్చుచున్నవి. 1977లో అంతమంది పోవుటకును, 2013లో ఫైలిన్ తుపానున ఒరిస్సాలోను మనవైపునను లక్షలకొలది జనులను ముందుగా తరలించుటచే ప్రాణనష్టము మిక్కిలి తగ్గుటకును నడుమ నున్న భేదము ఇదియే. గాలి తగ్గలేదు, మనుష్యులు అక్కడ లేరు.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము మీదుగానే తీరము దాటినది. ఆ పేరు ఒమాన్ దేశమువా రిచ్చిన పక్షి పేరు. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగమున వీచినది. చెట్లు, కరెంటు స్తంభములు నేలగూలినవి. కైలాసగిరి మీది వాతావరణ రాడారు కూడ దెబ్బతినినది. అప్పు డెఱిగిన సంగతులు రెండు. ఒకటి, సెల్లుఫోనులు మూగవోయినవి. బ్యాటరీతో పనిచేయు చిన్న రేడియోయే చెవియును నోరును అయినది. కాబట్టి ఇంటింట కాకపోయినను వీధికొకటి యుండవలెను, బ్యాటరీలు వానకాలమునకు ముందే మార్పవలెను. రెండవది, నడుమ గాలి హఠాత్తుగా నిలిచినది. తుపాను కన్ను మీదుగా పోవునప్పుడు ఇట్లగును. అది శాంతి గాదు. కొంతసేపటికి గాలి వ్యతిరేక దిశనుండి అంతే బలముతో తిరుగును. కన్ను దాటు వేళ వాకిట నిలిచి కూలిన చెట్టును చూచుచున్నవారు ప్రాణాపాయమున నుందురు. రేడియోవారు ముగిసినదని చెప్పువఱకు తలుపు తీయరాదు.

తరలింపు విషయమున పెద్దల బాధ్యత గొప్పది. అధికారులు రమ్మనిన కదలనివారు పెద్దలు కదలిన కదలుదురు. “నేను ఎన్ని తుపానులు చూడలేదు” అను ముసలివాని మాట పదిమందిని ఇంటిలో నిలుపును. ఎవరు ముసలివారో, ఎవరు గర్భిణులో, ఎవరు మంచము పట్టియున్నారో, ఎవరి యింటి కెవరు పోయి తీసికొనిరావలెనో వానలకు ముందే కాగితముమీద వ్రాసి పెట్టుకొనుడు. పట్టాలు, రేషను కార్డులు, విత్తనములు ప్లాస్టికు సంచులలో కట్టి అటకపై నుంచుడు. పశువుల పలుపులు విప్పి విడువుడు. కట్టిన పశువు చచ్చును, విడిచిన పశువు మెట్ట వెదకుకొనును. పాఱు నీటిలో గెడ్డ దాటుట మహాపాపమువలె మానవలెను. మోకాలిలోతు నీరు మనిషిని పడద్రోయును. దానికి కొంచెము పైబడిన కారును తేల్చును. మన ప్రాంతమున వఱదలలో పోవువారు పలువురు ఇంటిలో గాక కాజువేల మీదనే పోవుచున్నారు. ఆపద వచ్చిన 112కు గాని, రాష్ట్ర విపత్తుల సంస్థవారి 1070కి గాని ఫోను చేయవచ్చును.

నీరు తీసిన తరువాత పని ముగిసినట్లు గాదు. తెగి పడిన తీగ ముట్టవలదు. పాములు ధాన్యపు గాదెలలోను, పొయ్యి రాళ్ల సందులలోను దాగును. కఱ్ఱతో కదిపి చూడుడు. బావులలో మురికినీరు దిగియున్న, తోడి పోయించి బ్లీచింగు పొడి వేయవలెను. సాధారణముగా వేయి లీటర్లకు రెండున్నర గ్రాములు. మిక్కిలి మలినమైన బావికి ఆరోగ్యశాఖవారు చెప్పినంత. బావిలో నెంత నీరున్నదో కొలుచుట సులభము. బావి వ్యాసమును మీటర్లలో కొలిచి దానిని దానితోనే హెచ్చించి, నీటి లోతుతో హెచ్చించి, 785తో హెచ్చించిన లీటర్లు వచ్చును. మూడు మీటర్ల వ్యాసము, నాలుగు మీటర్ల నీరు గల బావిలో 28,260 లీటర్లు. దానికి సుమారు 70 గ్రాముల పొడి. బక్కెట్టు నీటిలో కలిపి, తేరిన నీటిని మాత్రమే బావిలో పోసి, గంటసేపు ఆగి వాడుకొనవలెను. త్రాగు నీటిని కొన్నాళ్లు కాచుకొనుట మఱియు మేలు.

ఇంకొక చిన్న పని. నీరు తీయగనే, బురద చాఱ చెరగకముందే, దేవాలయ మండపపు స్తంభము మీద గాని బడి గోడమీద గాని నీరెంతవఱకు వచ్చినదో గీత గీయించి, తేదీయు సంవత్సరమును చెక్కింపుడు. రంగుతో గీసినయెడల అయిదారేండ్లకు సున్నము వేయువాడు దానిని కప్పివేయును, ఉలితోనే చెక్కింపవలెను. క్రొత్తగా ఇల్లు కట్టదలచినవానిని ముందు ఆ గీతయొద్దకు తీసికొనిపోయి చూపుడు.